ఆఱంకెల తాళపుచెవి

అంగడికి పోకయే ఇంటనుండి వస్తువులు కొనుట మన స్త్రీలకు నేడు క్రొత్త సంగతి కాదు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములు 2016 అక్టోబరు 11వ తేదీ వఱకు వరంగల్లు జిల్లాలో భాగములుగా నుండెను. ఆ దినములలో పెండ్లికి మంచి చీర కావలయునన్నను, క్రొత్త కాపురమునకు గిన్నెలు కావలయునన్నను ఓరుగల్లుకో హైదరాబాదుకో బస్సెక్కవలసినదే. ఇప్పుడవి మూడును మూడు జిల్లాలైనవి. ఇల్లాలికి అంతకంటె పెద్ద మార్పేమనగా, అంగడియే సెల్‌ఫోనులోనికి వచ్చి కూర్చున్నది. వంటయిల్లు సర్దుకొని, పిల్లలను పరుండబెట్టి, రాత్రి పది గంటలకు తీరికగా చూచుకొనదగిన అంగడి యది. బేరమాడు సరదా లేదను లోటొక్కటి తప్ప, దానివలన మనకు గలిగిన సౌకర్యమును కాదనువారు లేరు.

అయితే ఆ యంగడి గుమ్మమున నొక కావలివాడు నిలిచియున్నాడు. మన పేరు చెప్పినను, మన పాస్‌వర్డు చెప్పినను వానికి తృప్తి లేదు. “నీ ఫోనుకు ఆఱంకెల సంఖ్య నొకదానిని పంపితిని, అది చెప్పు” మనును. దీనినే ఓటీపీ యందురు. ఒక్కసారికి మాత్రమే చెల్లెడి రహస్యసంఖ్య యిది. కొన్ని చోట్ల నాలుగంకెలే యుండును. కొన్ని దుకాణములు పాస్‌వర్డును బొత్తిగా మానివేసి ఈ సంఖ్యనే తాళపుచెవిగా నుంచుకొన్నవి. ఈ గొడవను గూర్చి మాతో మొఱపెట్టుకొను సోదరీమణులనేకులు. ఆ మొఱలో న్యాయమెంత, తొందరపాటెంత, ముఖ్యముగా దానికి విరుగుడేమి యని విచారించుట యవసరము.

భూపాలపల్లిలో సింగరేణి బొగ్గుగనులున్నవని చదువరులెఱుగుదురు. భూగర్భమున దిగు కార్మికుడు సెల్‌ఫోను వెంట గొనిపోరాదు. గని భద్రతకై యేర్పడిన కట్టుబాటది. అట్టి యింటిలో దుకాణపు ఖాతాయు, బ్యాంకు ఖాతాయు భర్త నంబరుతోనే ముడిపడియున్నవనుకొనుడు. ఇల్లాలు పసిబిడ్డకు పాలపొడి డబ్బా నెన్నుకొని, చిరునామా సరిచూచి, చివరి మీట నొక్కును. సంఖ్య పోవుట పోవును. గని పైన విడిచిన ఫోనులో మ్రోగి, పది నిమిషములలో కాలము చెల్లి యూరకుండును. భర్త పని ముగించుకొని పైకి వచ్చి చూచునప్పటికి డబ్బా ధర మారినను మారియుండును. ఆమె తన యింటికే, తన బిడ్డకే కొనుచున్నది. అయినను తలుపు తెఱచుకొనుటకు నేలక్రింద నున్న మనిషి పైకి రావలయును.

మహాముత్తారము, పలిమెల వైపు అడవిపల్లెలలో కష్టము వేఱు. అచ్చట ఫోను ఇల్లాలిదే యైనను సిగ్నలు ఆమె చెప్పినట్లు వినదు. డాబా యెక్కిన నొక గీత, వీధి చివరకు పోయిన రెండు గీతలు. సంఖ్య దిగివచ్చి, దానిని జ్ఞాపకముంచుకొని, మఱల దుకాణపు పుటకు వచ్చి వ్రాయబోవునంతలో “గడువు ముగిసినది” అను మాట కనబడును. జనగామనుండి ప్రతిదినము రైలులో సికిందరాబాదునకు పోయి కొలువు చేయువారనేకులు. తల్లి ఖాతాకు కుమారుని నంబరున్నప్పుడు ఆమె ఆ కుమారుడు పనిలో నున్నాడా, రైలులో నున్నాడా యని విచారించుకొని గాని పప్పుకుక్కరు కొనజాలదు.

మహబూబాబాదులో మేము వినిన ముచ్చట యింకను విచిత్రము. కూతురు అమెరికాలో నున్నది. తల్లికి పండుగకు మిక్సీ పంపగోరి, భారతదేశపు బ్యాంకు కార్డుతో కొనబోయినది. ఆ కార్డునకు ముడిపడిన సిమ్ము తల్లి యింటి బీరువాలో, పాత ఫోనులో నున్నది. “అమ్మా, జల్ది చూడు, నంబరొచ్చిందా?” అని అక్కడినుండి కూతురు, “ఆగు బిడ్డా, కండ్లద్దాలు దొరుకుతలేవు” అని ఇక్కడినుండి తల్లి. మూడుమార్లు ప్రయత్నించిరట. నాలుగవ దినమున తల్లి తానే బజారునకు పోయి మిక్సీ తెచ్చుకొన్నది.

మా యింటనే జరిగినది చెప్పెదము. క్రొత్త ఫోను కొని, ఎన్నో యేండ్లుగా వస్తువులు కొనుచున్న దుకాణపు ఖాతాను అందులో తెఱచితిమి. దుకాణమువారు మమ్ము గుర్తింపలేదు. అది తప్పు కాదు. క్రొత్త ఫోనును చూచి అనుమానించుట కావలివాని ధర్మమే. సంఖ్య రాలేదు. “మఱల పంపుడు” అను మీట నొక్కగా రెండు సంఖ్యలును ఒక్కమాటే వచ్చినవి, మొదటిది చెల్లలేదు. రెండవది వ్రాయునప్పటికి గడువు తీఱినది. మూడవసారి యడుగగా, “మీరు చాలమార్లు ప్రయత్నించితిరి, ఇరువదినాలుగు గంటల తరువాత రండు” అని తలుపు మూసిరి. దొంగను నిలుపుటకు పెట్టిన తలుపు ఇంటియజమానురాలిని బయట నిలిపినప్పుడు కోపము వచ్చుట సహజము గదా.

ఇంత కష్టపెట్టు రెండవ తాళమును ఎవరు పెట్టిరి, ఏల పెట్టిరి? పూర్వము కార్డుమీద ముద్రించిన యంకెలు తెలిసినచో ఎవరైనను మన పేర ఇంటర్నెట్టులో కొనగలిగెడివారు. హోటలులో కార్డు చేతికిచ్చిన రెండు నిమిషములలో ఆ యంకెలను కాగితముపై వ్రాసికొనుట యెంతసేపు? అందువలన, కార్డుమీద కనబడని వేఱొక సాక్ష్యము కూడ నుండవలయునని రిజర్వు బ్యాంకు ఆజ్ఞాపింపగా, 2009 ఆగష్టు 1 నుండి అది మన దేశమున అమలులోనికి వచ్చినది. ఐరోపాలో ఇట్టి నియమము 2019 సెప్టెంబరు 14న గాని రాలేదు. అమెరికాలో నేటికిని అనేక దుకాణములయందు కార్డు అంకెలతోనే పని జరిగిపోవును. అక్కడినుండి వచ్చిన మన పిల్లలు “ఇక్కడ ప్రతిదానికిని ఓటీపీయేనా!” అని విసుగుకొందురు గాని, ఈ విషయమున మనవారే ముందున్నారని మా యభిప్రాయము.

బ్యాంకి లాకరులో నగలు దాచుకొన్న సోదరీమణులకు ఈ యేర్పాటు సులభముగా బోధపడును. లాకరునకు రెండు తాళపుచెవులు కావలయును. ఒకటి మనయొద్ద, రెండవది బ్యాంకి యుద్యోగియొద్ద నుండును. ఒకదానితో అఱ తెఱచుకొనదు. ఇక్కడను అంతే. పాస్‌వర్డు మన మనస్సులో నున్న తాళపుచెవి; సంఖ్య మన చేతిలో నున్న ఫోనునకు వచ్చు తాళపుచెవి. చాలమంది అన్ని దుకాణములకును ఒకే పాస్‌వర్డు పెట్టుకొందురు. ఎక్కడనో ఒకచోట అది దొంగల పాలైనచో, వారు దానిని పట్టుకొని దుకాణము దుకాణమునకు తిరిగి ప్రతి తలుపును తట్టి చూతురు. మన ఖాతాలో చిరునామా యుండును, ఫోను నంబరుండును, మనము కొన్న వస్తువుల పట్టిక యుండును, ఒక్కొక్కప్పుడు కొంత సొమ్మును నిలువయుండును. రెండవ తాళమే లేనిచో అవి యన్నియు పరులవి.

కావున తాళమును తీసివేయుడని మేమనము. మా తగవు తాళముతో గాదు. తాళపుచెవి యెవరి చేత నున్నదను దానితోనే.

2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము ప్రకారము రేషను కార్డుకు కుటుంబ పెద్ద, ఆ యింటిలో పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీలలో పెద్దయామె. కాగితముమీద ఎంత గౌరవము! 2021 ఫిబ్రవరిలో, కరోనా భయముచేత, తెలంగాణములోని రేషను దుకాణములలో వ్రేలిముద్రకు బదులు కంటిపాప గుర్తుగాని, ఫోనునకు వచ్చు సంఖ్యగాని చూపవలెనన్నారు. అప్పుడు గదా తెలిసినది, కుటుంబ పెద్దయగు ఆ యిల్లాలి ఆధారు కార్డునకు నంబరే లేదని, లేదా ఉన్న నంబరు కుమారునిదో, ఎప్పుడో పాఱవేసిన సిమ్మునదో యని. బియ్యము కొఱకు రావలసినవారు నంబరు కలుపుకొనుటకై ఆధారు కేంద్రముల ముందు బారులు తీఱి నిలిచిరి. కార్డు ఆమెది, బియ్యము వండునది ఆమె, సంఖ్య పోవునది మఱియొకరి జేబులోనికి. అంగడి ఖాతా విషయమునను జరుగుచున్నది సరిగా నిదియే.

2019–21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము మన దేశమున తాము స్వయముగా వాడుకొను సెల్‌ఫోను గల స్త్రీలు నూటికి 54 మంది. ఆ ఫోను గలవారిలోను వచ్చిన మెసేజి చదువగలవారు నూటికి 71 మంది. పురుషులు దీనిని చూచి “మా నంబరుంటే నేమి, అడిగితే చెప్పమా?” అందురు. చెప్పుదురు, సందేహము లేదు. కాని అడుగవలసి యుండుటయే యిక్కడి చిక్కు. రెండువందల రూపాయల లోపలి బట్ట కొనుటకును “ఏం కొంటున్నవు? ఎందుకు?” అను ప్రశ్నకు జవాబు చెప్పిన పిమ్మట గాని సంఖ్య బయటికి రాదు. బీరువా తాళపుచెవి కొంగున ముడివైచుకొను హక్కు మన యింటి పెద్దలు ఏనాడో కోడలికిచ్చిరి. ఈ తాళపుచెవి మాత్రము ఏల మగవారి చొక్కాజేబులో నుండవలయును?

భర్త పోయిన స్త్రీల సంగతి వేఱుగ చెప్పవలయును, ఏలయన అందఱికంటె ఎక్కువగా దెబ్బ తగులునది వారికే. ఇంటి ఖాతాలన్నియు ఆయన నంబరునకే ముడిపడియుండును. దుఃఖములో నెవరును రీచార్జి మాట తలపెట్టరు. కొన్ని మాసములకు ఆ నంబరు మూతపడును. మూతపడిన నంబరును తొంబది దినముల తరువాత కంపెనీవారు క్రొత్తవారికీయవచ్చును. అంతట ఆమె ఖాతాకు పోవు సంఖ్యలు ముక్కుమొగము తెలియని వానికి పోవుచుండును. ఆమె తలుపు ఆమెకు తెఱచుకొనదు. తెఱచు సాధనము పరుని చేతికి చిక్కును. కావున అట్టి యిండ్లలో బంధువులు చేయవలసిన మొదటి యుపకారమేమనగా, ఆ సిమ్మునకు రీచార్జి తప్పనీయకుండ చూచి, అది బ్రతికియున్న దినములలోనే బ్యాంకులోను, దుకాణములలోను నంబరును ఆమె నంబరుగా మార్పించుట. పాత నంబరునకు వచ్చిన సంఖ్య చూపినగాని క్రొత్త నంబరును చాల దుకాణములు అంగీకరింపవు. మరణధ్రువీకరణ పత్రము చూపి సిమ్మునే ఆమె పేరనకు మార్పించుకొనుటయు కలదు.

సంఖ్యలన్నియు ఒక్కటి కావని గుర్తుంచుకొనుట యవసరము. ఖాతా తెఱచుటకు వచ్చునది యొకటి, సొమ్ము చెల్లించుటకు బ్యాంకు పంపునది యొకటి, సరకు ఇంటికి వచ్చినప్పుడు అందించువాడు అడుగునది యొకటి. మొదటి రెంటిని ఫోనులోగాని ముఖాముఖిగాగాని ఎవరికిని చెప్పరాదు. మనము మన చేతితో ఆ పుటలోనే వ్రాయవలయును. మూడవది మాత్రము, మనము కోరిన సరకు మన గుమ్మమునకు వచ్చి, కట్టను కంటితో చూచిన పిమ్మట, తెచ్చినవానికి చెప్పవచ్చును. మోసగాండ్రు ఈ మూడింటిని కలగాపులగము చేసి బ్రతుకుచున్నారు. “అమ్మా, మీ పేర పార్సెలొచ్చింది, పన్నెండువందలు కట్టాలె. మీరు ఆర్డరు చేయలేదా? అయితే రద్దు చేస్త, మీ ఫోనుకొచ్చిన నంబరు చెప్పుండ్రి” అని మర్యాదగా మాట్లాడుదురు. కోరని సరకును రద్దు చేయుటకు మన సంఖ్యతో పనియేమి? వద్దని తలుపు వేసికొనిన చాలును.

మెసేజిలో ఆ సంఖ్య దేనికో యొక వాక్యము వ్రాసియుండును: ఖాతా తెఱచుటకా, ఇంత సొమ్ము ఫలానా దుకాణమునకు చెల్లించుటకా యని. ఆ వాక్యము చదివినచో సగము మోసములు అక్కడనే యాగిపోవును. కాని తఱచుగా అది ఆంగ్లముననే యుండును. సొమ్ము మనది, ఫోను మనది, “ఎవరికిని చెప్పవలదు” అను హెచ్చరిక మాత్రము మనకు రాని భాషలో! దుకాణపు పుటలను, చీరల ప్రకటనలను తెనుగులో చూపనేర్చిన వర్తకులకు ఈ యొక్క వాక్యమును తెనుగున పంపుట యేమంత బ్రహ్మవిద్య? సిగ్నలు చాలని గ్రామములకు గడువు కొంత పెంచుటయు, మెసేజి రానప్పుడు ఫోను చేసి సంఖ్యను చదివి వినిపించుటయు వారు చేయదగిన పనులే. కొందఱు ఇప్పటికే చేయుచున్నారు కూడ.

క్రొత్త సిమ్ము తీసికొన్నవారికి ఒక దినమంతయు సంఖ్యలు రాకపోవుట చూచి భయపడవలదు. దొంగలు మన పేర మాఱు సిమ్ము తీసికొని మన సంఖ్యలను అపహరించుచుండగా, సిమ్ము మార్చిన తరువాత ఇరువదినాలుగు గంటలపాటు మెసేజీలు నిలిపివేయవలెనని టెలికాము శాఖవారు 2022 నవంబరులో కంపెనీలను ఆదేశించిరి. అందువలన పండుగ ముందుదినమున సిమ్ము మార్చి, ఆ సాయంకాలమే కొనుగోళ్లు తలపెట్టకుండుట మంచిది.

మెసేజి ద్వారా వచ్చు సంఖ్యయే సర్వస్వము కాదని ప్రభువులును గ్రహించిరి. రిజర్వు బ్యాంకువారు 2025 సెప్టెంబరు 25న ప్రకటించి, 2026 ఏప్రిల్ 1 నుండి అమలునకు నిర్ణయించిన నియమములలో రెండు సాక్ష్యములుండవలెననుట యట్లే యున్నది. వానిలో నొకటి ఆ చెల్లింపునకే ప్రత్యేకముగా పుట్టినదై యుండవలయును. కాని అది మెసేజిగానే రానక్కఱలేదు. వ్రేలిముద్ర వంటి వేఱు సాధనములకును త్రోవ తెఱచిరి. ఈ నియమములను బ్యాంకు పాటింపకపోవుటచే నష్టము కలిగినచో, బ్యాంకు పూర్తిగా భరింపవలెననియు చెప్పిరి. సిగ్నలు లేని డాబాల మీద నిలుచున్న మన సోదరీమణులకు ఇది మేలు చేయునని మాకు తోచుచున్నది. అయితే యివి సొమ్ము చెల్లింపునకు సంబంధించిన నియమములు. దుకాణపు ఖాతా తెఱచుటలోని చిక్కులను దుకాణదారులే తీర్పవలయును.

సంఖ్యను పరులకు చెప్పుట జరిగిపోయినచో సిగ్గుపడి దాచుకొనుట కంటె హాని లేదు. “ఇంట్లో తెలిస్తే తిడుతరు” అని రెండు దినములు మౌనముగా నున్నవారిని మేమెఱుగుదుము. 2017 జూలైలో రిజర్వు బ్యాంకు యేర్పఱచిన పద్ధతి ప్రకారము, మన లోపముగాని బ్యాంకు లోపముగాని లేక మూడవవారి వలన జరిగిన నష్టమును మూడు పనిదినములలో తెలిపినచో మనపై భారము పడదు. మనమే సంఖ్య చెప్పియుండినచో, తెలుపునంతవఱకు జరిగిన నష్టము మనది. తెలిపిన తరువాత జరుగునది బ్యాంకుది. కావున గంట గంటకును విలువ కలదు. 1930 అను నంబరునకు ఫోను చేసిన, పోయిన సొమ్ము దొంగ ఖాతానుండి దాటిపోకముందే నిలుపుటకు ప్రయత్నింతురు. ఇంటిలో తిట్టువారు తరువాత తిట్టవచ్చును.

ఇక స్వంత నంబరు మాట. ఆధారు కార్డు తీసికొని స్వయముగా పోయిన, తన పేరనే సిమ్ము తీసికొనవచ్చును. భర్త సంతకముతో పని లేదు. ఖరీదైన ఫోను కూడ నక్కఱలేదు, మీటల ఫోనునకును సంఖ్య వచ్చును. తీసికొన్న పిమ్మట మొదట బ్యాంకునకు పోయి అచ్చటి నంబరు మార్పించుకొని, పిదప ఆధారునందు, ఆ వెనుక దుకాణపు ఖాతాలలో మార్చుకొనవలయును. తన పేర మఱియెవరైన సిమ్ములు తీసికొనియున్నారేమో ప్రభుత్వమువారి సంచార్ సాథీలో చూచుకొనవచ్చును. మరిపెడ వైపు తండానుండి వచ్చిన యొక పెద్దమ్మ ఈ విధముగా చేసి, తన నంబరుతో మొదట మనుమరాలికొక గొడుగు తెప్పించినదట. సరకు తెచ్చిన పిల్లవాడు గుమ్మమున నిలిచి సంఖ్య యడుగగా, ఆమె ముందు గొడుగు విప్పి చూపుమని, చూచిన తరువాతనే నాలుగంకెలును ఒక్కొక్కటిగా చెప్పినదని విన్నాము.